ఇంటి మనిషి

2024 వేసవిలో మా అమ్మాయి పురిటికని డెన్మార్క్ వెళ్ళాను. మూడు నెలల వీసా, రెండు సూట్‌కేసుల్లో శొంఠిపొడి, వెల్లుల్లి కారం, ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీరలు. 31 ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషిని, ఆర్హుస్‌లో ఒక చిన్న ఫ్లాటులో పత్యం వండుతూ, పసిగుడ్డలు ఉతుకుతూ ఉన్నాను. ఇంటి చాకిరీకి విలువ కట్టరని ఇన్నేళ్ళు క్లాసుల్లో చెప్పినదాన్ని నేనే. చేస్తుంటే మాత్రం సంతోషంగానే ఉండింది. ఆ సంతోషాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు, అందుకని దాని జోలికి పోను.

మనవరాలికి ఆరు వారాలు నిండాక, ఇంట్లో ఉండి ఉండి విసుగొస్తోంది, ఎటైనా వెళ్దాం అంది మా అమ్మాయి. అల్లుడు కారు తీశాడు. ఆర్హుస్‌కి నలభై కిలోమీటర్ల దూరంలో, ద్యుర్స్‌లాండ్ అనే ప్రాంతంలో, ఆవునింగ్ అనే ఊరి పక్కన గామెల్ ఎస్ట్రుప్ అని పాత జమీందారీ భవనం ఉంది, ఇప్పుడది మ్యూజియం. "నీకు ఇల్లాంటివి ఇష్టం కదమ్మా" అంది. ఇష్టమని ఎప్పుడన్నానో గుర్తు లేదు. బ్రాంటీ అక్కచెల్లెళ్ళ నవలలు పాఠం చెప్పేదాన్ని కదా, ఆ లెక్కన అనుకుని ఉంటుంది.

ఆగస్టు నెల. గోధుమ, బార్లీ కోతలు. రోడ్డుకి అటూ ఇటూ పచ్చగా కాదు, పండి రాగి రంగులో పొలాలు. మధ్యమధ్య తెల్లటి చర్చి, ఎర్ర పెంకుల ఇళ్ళు, దూరంగా తిరుగుతున్న గాలిమరలు. అంతా శుభ్రంగా, అందంగా ఉంది. కానీ నా కళ్ళు దేనికోసమో వెతుకుతూనే ఉన్నాయి. చాలాసేపటికి తెలిసింది, పొలాల్లో ఆడవాళ్ళ కోసం. పొలం కనబడితే వంగి ఉన్న నడుములు కనబడాలని నా కంటికి అలవాటు. ఇక్కడ ఎక్కడా ఒక్క నడుమూ లేదు. ఒక కోత మిషను, దాని అద్దాల గదిలో ఒక్క మగమనిషి. ఎన్ని ఎకరాలో ఏమో, ఒక్కడే కోసుకుంటూ పోతున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది "సారో ఏకర్". డేనిష్‌లో "సోర్గ్-ఆగ్రె". కారెన్ బ్లిక్సెన్ కథ. ఐసాక్ దినెసెన్ అని మగపేరుతో ఇంగ్లీషులో రాసిన ఆవిడ. కెన్యాలో కాఫీ తోట పోగొట్టుకుని, 1931లో ఇంటికి తిరిగొచ్చి, రుంగ్‌స్టెడ్‌లో పుట్టింట్లో కూర్చుని రాసుకుంది. ఈ కథ 1942లో వచ్చిన సంపుటిలోది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక జమీందారు. అతని కొట్టానికి నిప్పుపెట్టాడని ఒక విధవరాలి కొడుకు మీద అభియోగం. తల్లి వచ్చి కాళ్ళావేళ్ళా పడితే, దొర ఒక చేను చూపించి, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేలోపు నువ్వొక్కదానివే దీన్ని కోస్తే నీ కొడుకుని వదిలేస్తానంటాడు. ముగ్గురు మగవాళ్ళకి ఒక రోజు పట్టే పని. ఆమె కోస్తుంది. చివరి పన కోసి, కొడుకు చేతుల్లో ప్రాణం వదిలేస్తుంది. దొర ఆ చోట కొడవలి బొమ్మ చెక్కిన రాయి పాతిస్తాడు.

ఆ కథని పట్టుబట్టి సిలబస్‌లో పెట్టించింది నేనే. మాతృత్వం, విషాదం, పాత ప్రపంచానికీ కొత్త ప్రపంచానికీ ఘర్షణ అని నోట్సు చెప్పేదాన్ని. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఊరంతా ఆమె వెనకాలే నడుస్తున్నరు గద, ఒక్కరన్న కొడవలి అందుకోలేదేంది?" అనడిగింది. ఒప్పందం ప్రకారం ఆమె ఒక్కతే కొయ్యాలి, అది కథకి అవసరం అని చెప్పి కూచోబెట్టాను. పరీక్షకి పనికొచ్చే జవాబే. ఆ అమ్మాయి మొహం మాత్రం తృప్తిపడలేదు.

గామెల్ ఎస్ట్రుప్ ఎర్ర ఇటుకల కోట. చుట్టూ నీళ్ళ కందకం, దాని మీద వంతెన. డేనిష్‌లో ఇలాంటి భవనాన్ని హెరెగోర్డ్ అంటారట. హెరె అంటే దొర, గోర్డ్ అంటే వ్యవసాయపు ఇల్లూ వాకిలీ. దొరగారి కమతం అనుకోవచ్చు. లోపల ఒక వంశం వాళ్ళ బొమ్మలు గోడల నిండా. బ్రోక్‌లు, తర్వాత స్కీల్‌లు. ఎస్కె బ్రోక్ అనే ఆయన డైరీ రాసేవాడు, ఏ రోజు ఎంత తాగాడో శిలువ గుర్తులు పెట్టుకుని మరీ లెక్క రాసుకున్నాడు. ఆయన 1625లో పోయాక కూతురు యుట్టె ద్వారా అల్లుడి వంశానికి వచ్చింది ఎస్టేటు. ఆస్తి కూతురి మీదుగా నడిచింది గానీ ఆ తర్వాత తలుపు మీద పేరు మాత్రం అల్లుడిది. మూడు వందల ఏళ్ళు స్కీల్‌లదే. చివరి కౌంట్ 1926లో చనిపోతే, 1930లో దీన్ని మ్యూజియం చేశారు. పెద్ద హాల్లో బ్రస్సెల్స్‌లో నేయించుకున్న గోడ తెరలు, వాటి మీద వాళ్ళకున్న ఎస్టేట్ల చిత్రాలు. తమ ఆస్తిని తామే గోడకి తగిలించుకుని దాని కింద కూర్చుని భోంచెయ్యడం! నవ్వొచ్చింది. మా ఊళ్ళో దొర గడిలో పులితలలు ఉండేవని మా నాన్న చెప్పేవాడు. ఇక్కడ ఊళ్ళు.

గడి అన్నాను కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, వెట్టికి పోయిన మనిషి. గడిలో వడ్లు దంచేది. నాకు ఊహ తెలిసేసరికి ఆ రోజులు పోయాయి, 1946 నుంచి జరిగిన పోరాటం ఆ గడి తలుపులు బద్దలు కొట్టింది. అవ్వ గడి అని కూడా అనేది కాదు, "లోపటికి పోయేదాన్ని" అనేది. ఒక్కటే సంగతి రెండుమూడుసార్లు చెప్పింది. మా పెద్ద మేనత్త నెలల పిల్ల. ఆ పిల్లని ఇంటి దగ్గర వదిలి దంచడానికి పోతే, మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి రైక తడిసిపోయేదట. "రోకలి ఆపితే దొరసాని లోపటికెల్లి దగ్గేది" అని నవ్వేది. ఏడవాల్సిన మాటకి నవ్వడం ఆ తరం ఆడవాళ్ళందరిలో చూశాను. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వచ్చినప్పుడు, అందులో ఆడవాళ్ళ మాటలు చదువుతూ, అవ్వని కూర్చోబెట్టి అడిగి రాసుకుంటే బాగుండేదే అనుకున్నాను. అప్పటికి అవ్వ పోయి నాలుగేళ్ళు.

కందకానికి ఇవతల, ఎస్టేటు పాత పశువుల కొట్టాల్లోనే వ్యవసాయ మ్యూజియం ఉంది. నాగళ్ళు, కొడవళ్ళు, బండ్లు. నేను ఎక్కువసేపు ఉన్నది అక్కడే. మా అమ్మాయి డేనిష్ పౌరసత్వం కోసం పరీక్ష రాసింది, ఆ దేశపు చరిత్ర మాకంటే శ్రద్ధగా చదివింది. స్తావ్న్స్‌బోన్ గురించి చెప్పింది. 1733లో వచ్చిన చట్టం. ఎస్టేటులో పుట్టిన రైతు మగవాడు, 14 నుంచి 36 ఏళ్ళ వరకు, ఆ ఎస్టేటు వదిలి పోకూడదు. పైకి సైన్యానికి మనుషులు కావాలని. లోపల దొరలకి కూలీలు కావాలని. వయసు హద్దు మారుతూ మారుతూ 1764కి 4 నుంచి 40 అయింది. 1788లో రద్దు చేశారు, అది గుర్తుగా కోపెన్‌హాగెన్ నడిబొడ్డున స్తంభం కూడా కట్టారు.

"మరి ఆడవాళ్ళు?" అనడిగాను.

"ఆడవాళ్ళకి ఈ చట్టం లేదమ్మా. ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అంది.

నేను కాసేపు మాట్లాడలేదు. నాలుగేళ్ళ కొడుకుని ఆ భూమికి కట్టేసి, తల్లిని నువ్వు ఎటైనా వెళ్ళొచ్చు అంటే ఆ తల్లి ఎటు వెళ్తుంది? చట్టంలో ఆమె పేరు లేకపోవడం ఆమెకి స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు. మనిషిగా లెక్కలోకి తీసుకోనట్టు. బ్లిక్సెన్ కథ కూడా ఈ కాలం నాటిదే. ఆ తల్లి కొడుకు కోసం చేను కోసిందని ఇన్నాళ్ళు చెప్పాను. ఆమెకి కొయ్యడం తప్ప వేరే దారి ఏదైనా ఉండిందా అని ఎప్పుడూ అడగలేదు.

మళ్ళీ భవనంలోకి వచ్చి నేలమాళిగలోని వంటిల్లు చూశాం. పైన అన్ని గదులు తిరిగినా నాకు పరాయిగానే ఉండింది, ఇక్కడికి దిగగానే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలిసినట్టనిపించింది. ఇనుప పొయ్యి, రాగి గిన్నెలు, చెక్క బల్ల. గిన్నెల్ని తళతళా తోమి వరసగా తగిలించారు. ఆ మెరుపు చూస్తుంటే నాకు తోమిన చేతులు గుర్తొస్తాయి, ఏం చెయ్యను! పాప ఏడిస్తే మా అమ్మాయి పక్కన కూర్చుని పాలిస్తూ చెప్పుకుంటూ పోయింది.

1849లో డెన్మార్క్‌కి రాజ్యాంగం వచ్చింది. ఆ రోజుల్లో యూరప్‌లో అదొక గొప్ప ముందడుగు. ముప్ఫై ఏళ్ళు దాటిన మగవాళ్ళకి ఓటు. ఓటు లేనివాళ్ళని గుర్తుపెట్టుకోవడానికి అక్కడి బడిపిల్లలు ఏడు 'ఎఫ్'లు అని నేర్చుకుంటారట, డేనిష్‌లో ఆ ఏడు మాటలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఆడవాళ్ళు, ఇంటి పనివాళ్ళు, ప్రభుత్వ సాయంతో బతికే బీదలు, పరదేశీయులు, దివాలా తీసినవాళ్ళు, మతిలేనివాళ్ళు, నేరస్తులు.

"పనివాళ్ళని ఎందుకు?" అన్నాను.

"సొంత కాపురం లేదు కదా. వేరేవాళ్ళ ఇంట్లో ఉంటారు. వాళ్ళ తరపున యజమాని ఉన్నాడుగా, వాళ్ళు ఆ ఇంటి మనుషులు."

ఈ వంటింట్లో పనిచేసిన అమ్మాయి ఆ జాబితాలో రెండుసార్లు ఉంది. ఆడదిగా ఒకసారి, పనిమనిషిగా ఇంకోసారి. 1915లో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది అని మనం గొప్పగా చెప్పుకుంటాం. అదే రాజ్యాంగంతో పనివాళ్ళకీ వచ్చిందన్న సంగతి నేను ఏ స్త్రీవాద పుస్తకంలోనూ గమనించలేదు. ఉండే ఉంటుంది, నేనే దాటేసి ఉంటాను.

1854 నాటి పనివాళ్ళ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు మగపిల్లల్నీ, 16 ఏళ్ళలోపు ఆడపిల్లల్నీ కొట్టే హక్కు యజమానికి ఉండింది. యజమానిని హుస్‌బాన్ అనేవారు. పాత వాడుకలో భర్తనీ ఆ మాటే అనేవారు. 1832 నుంచి ప్రతి పనివాడూ, పనిమనిషీ ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోవాలి, ఏ ఇంట్లో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో రాయించుకోవాలి. ఈ పుస్తకమూ, ఆ కొట్టే హక్కూ 1921 దాకా పోలేదు. ఊరికే పోలేదు కూడా. 1899లో కోపెన్‌హాగెన్‌లో మేరీ క్రిస్టెన్సెన్ అనే ఆవిడ ఇంటి పనివాళ్ళ ఆడవాళ్ళతో సంఘం పెట్టింది. తనూ పనిమనిషిగా బతికిన మనిషే. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కతెగా, విడివిడిగా ఉన్నవాళ్ళని కూడగట్టడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఈ రోజుల్లో ఆ దేశంలో కలిగినవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా ఫిలిప్పీన్స్ అమ్మాయిలు 'ఓపేర్' పేరుతో వచ్చి ఉంటున్నారు. ఆ ఫ్రెంచి మాటకి సమానంగా అని అర్థం. వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనరట, జేబుఖర్చు అంటారట. వాళ్ళు కుటుంబంలో ఒకరు కదా మరి.

కుటుంబంలో ఒకరు, ఇంటి మనిషి, ఈ మాటలు విని నేను తల ఊపుతూ, ఏదో వ్యాసానికి పనికొస్తుందని మనసులో రాసుకుంటున్నాను. పాపని భుజం మీద వేసుకుని వీపు నిమురుతూ మా అమ్మాయి అడిగింది.

"అమ్మా, అక్క మనింట్లో ఎక్కడ పడుకునేది?"

ఆమె పేరు ఇక్కడ రాయను. అడగకుండా రాసే హక్కు నాకు లేదు. 1994లో మా ఆయన వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్నాం. దూరపు చుట్టరికం. అప్పుడు ఆమెకి పదకొండేళ్ళు, మా అమ్మాయికి నాలుగు. బడికి పంపిస్తామని వాళ్ళ నాయనకి చెప్పాం. పంపించాం కూడా, ఒక ఏడాది. తర్వాత నా కాలేజీ టైమూ ఆ బడి టైమూ కుదరలేదు. ఎవరి టైము మారాలో ఎవరం చర్చించలేదు, దానంతటదే తేలిపోయింది. నేను సెమినార్లకి తిరుగుతూ స్త్రీల శ్రమ గురించి పేపర్లు చదివిన ఏడేళ్ళు, మా అమ్మాయికి జడలు వేసింది, టిఫిన్ కట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆ పిల్ల. నా పిహెచ్.డి. పుస్తకం మొదట్లో కృతజ్ఞతలు రెండు పేజీలున్నాయి. మా గైడు, లైబ్రేరియను, టైపు చేసినాయన కూడా ఉన్నారు.

నన్ను పెద్దమ్మా అని పిలిచేది. అందరితో "మా ఇంటి మనిషే" అని చెప్పుకునేదాన్ని. నిజంగానే అనుకున్నాను కూడా. మాతో పాటే తిన్నది, పండక్కి మా అమ్మాయికి ఏ గుడ్డ కొంటే ఆమెకీ కొన్నాం, ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఇవన్నీ గబగబా నోటికొచ్చాయి ఆ వంటింట్లో. వస్తున్నకొద్దీ తెలుస్తోంది, మా దొర కూడా ఇల్లాగే చెప్పి ఉంటాడని. పెద్దమ్మా అని పిలిచే పిల్ల జీతం అడగలేదు. ఆ పిలుపు పెట్టుకున్నదే అందుకేమో. ఏడాదికోసారి వాళ్ళ నాయన వస్తే ఎంతో కొంత చేతిలో పెట్టేవాళ్ళం. 2001లో పెళ్ళి చేశాం. పుస్తెలు, మంచం, బీరువా. కన్యాదానం చేసినంత గొప్పగా చెప్పుకున్నాం. 2006లో పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం నేరమని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, కాలేజీలో దాని మీద చర్చ పెట్టించి అధ్యక్షత వహించాను. ఆ రోజు ఆ పిల్ల గుర్తుకు రాలేదు. రాలేదంటే నమ్ముతారా? నిజంగా రాలేదు.

"వంటింట్లో" అన్నాను మా అమ్మాయితో. "చాప మీద. చలికాలం హాల్లో."

"తెలుసు. నువ్వు చెప్తావేమోనని అడిగాను" అంది.

అవ్వ మనవరాలిని కాబట్టి నేను దంచినవాళ్ళ వైపు మనిషిననే ఇన్నాళ్ళు నా లెక్క. ఒక మెట్టు ఎక్కగానే లోపల కూర్చుని దగ్గిన మనిషినయ్యాను, ఆ దగ్గు నాకు వినబడలేదు.

బయటికి వచ్చి కందకం పక్కన గట్టు మీద కూర్చున్నాం. మా అమ్మాయి ఫోను తీసి వాట్సాప్‌లో ఎవరికో వీడియో కాల్ చేసింది. అవతల అక్క. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారట ఎన్నో ఏళ్ళుగా, నాకు తెలీదు. ఇప్పుడు ఒక స్కూల్లో ఆయాగా చేస్తోంది, కూతురు నర్సింగ్ చదువుతోంది. నలభై దాటిన మొహం, ముందు వెంట్రుకలు నెరిశాయి. పాపని చూసి మురిసిపోయింది. మా అమ్మాయి ఫోను తిప్పి భవనం చూపించింది, బురుజులు, వంతెన, నీళ్ళు. చూసి చూసి, "గింత పెద్ద ఇల్లు ఎవరు ఊడుస్తరే?" అంది.

ఆ పొద్దంతా ఆ ఇంటి గురించి చెప్పుకున్న మాటల్లో నాకు ఈ ఒక్కటే సరైన ప్రశ్న అనిపించింది. ఫోను నా చేతికిచ్చారు. బాగున్నావా బిడ్డా, బాగున్న పెద్దమ్మా, మోకాళ్ళ నొప్పులెట్లున్నయ్ అని అయ్యాక, నాకు మాట పెగల్లేదు. పెట్టేశాను.

ఆ రాత్రి మ్యూజియం టికెట్టు వెనకాల లెక్క మొదలుపెట్టాను. 1994 నుంచి 2001. ఏడేళ్ళు, ఏడాదికి పన్నెండు నెలలు, ఆదివారాలు లేవు. నెలకి ఎంత వెయ్యాలి? అప్పటి రేటా, ఇప్పటి రేటా? తిండి కింద పట్టుకోవాలా? దొరల దివాణం గుమాస్తా ఆలోచించినట్టే ఆలోచిస్తున్నానని అర్థమై, తిండి కొట్టేశాను. పుస్తెలూ బీరువా కూడా కొట్టేశాను. పోయిన బడి ఎంతకి కట్టాలో తెలీక అక్కడ ఆగిపోయాను.

వారం తర్వాత నేనే ఫోన్ చేశాను. పది నిమిషాలు ఇటూ అటూ తిరిగి చివరికి అనేశాను, నీ జీతం బాకీ ఉంది బిడ్డా, లెక్క చేస్తున్నాను అని. ఇప్పుడెందుకు పెద్దమ్మా అంటుందనుకున్నాను. అనాలని కోరుకున్నానేమో కూడా. అవతల కాసేపు చప్పుడు లేదు. స్కూలు గంట మోగింది, పిల్లల గోల.

"చెయ్యి పెద్దమ్మా" అంది. "నేను గూడ చేసి పెట్టుకున్న. నువ్వొచ్చినంక రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."